సంతకం పెట్టినంత మాత్రాన హక్కు పోతుందా?

ఆపరేషన్‌కు ముందు ఆస్పత్రిలో ఒక కాగితం మీద సంతకం పెడతాం. ఇన్సూరెన్స్ డబ్బు చేతికొచ్చే ముందు ఇంకోటి. ఉద్యోగం మానేస్తే ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ కింద మరోటి. తండ్రి పొలం అన్నదమ్ములు పంచుకునే రోజున ఆడపిల్లలు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి ‘హక్కు విడుదల’ దస్తావేజు మీద సంతకమో వేలిముద్రో వేస్తారు. ఈ కాగితాలన్నీ చేసే పని ఒక్కటే: నాకు రావలసినదాన్ని, నేను అడగగలిగినదాన్ని ఇకమీదట అడగనని ఒప్పుకోవడం. చట్టంలో దీన్ని వేవర్ అంటారు. అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లే మన పిల్లలకు ఫీజు వేవర్, జీఆర్‌ఈ వేవర్, ఇన్సూరెన్స్ వేవర్ రోజువారీ మాటలు. రైతు నోట అది మాఫీ.

హక్కు నాది కాబట్టి దాన్ని వదులుకునే స్వేచ్ఛ కూడా నాదే. చట్టం ఇక్కడే మొదలవుతుంది. అయితే నేను వదులుకున్నానని ఎదుటివాడు అంటున్నాడు, లేదని నేనంటున్నాను. అప్పుడు కోర్టు ఏం చూస్తుంది? ఇన్నేళ్ల తీర్పులు కలిపి చదివితే రెండు షరతులు తేలతాయి. ఆ హక్కు తనకుందని మనిషికి తెలిసి ఉండాలి. వద్దు అనగలిగే స్థితిలో ఉండాలి. తీర్పుల్లో ఈ రెండూ గట్టిగానే ఉన్నాయి. సంతకాలు పెట్టించుకునే బల్లల దగ్గర మాత్రం వాటి గురించి అడిగేవాళ్లు కనిపించరు. మన చట్టంలో వేవర్‌కు సంబంధించిన అసలు లోపం అదేనని నా అభిప్రాయం.

పునాది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఉంది. ఒప్పందం ప్రకారం తనకు రావలసినదాన్ని ఎవరైనా పూర్తిగా గానీ కొంత గానీ వదులుకోవచ్చు, గడువు పొడిగించవచ్చు, దాని బదులు మరొకటి తీసుకుని సరిపెట్టుకోవచ్చు అంటుంది 63వ సెక్షన్. చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. 5,000 రూపాయలు బాకీ ఉన్నవాడు 2,000 ఇస్తే, అప్పు ఇచ్చినవాడు దాన్నే మొత్తం బాకీ కింద జమ చేసుకుంటే, బాకీ అంతా తీరినట్టే. ఇంగ్లండులో అలా కుదరదు. తక్కువ సొమ్ము తీసుకుని ఎక్కువ బాకీ తీరిందని చెప్పే మాటకు ప్రతిఫలం లేదు కాబట్టి అది కట్టుబడదన్న సూత్రం అక్కడ 1602 నుంచి ఉంది. 1884లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్నే ఖాయం చేసింది. అసలు బాకీ వాయిదాల్లో కడితే ఇంకే చర్యా తీసుకోనని రాసిచ్చిన ఒక మహిళ, అసలంతా ముట్టాక వడ్డీ కోసం మళ్లీ కోర్టుకెక్కి గెలిచింది. మన చట్టం రాసినవాళ్లు ఈ సూత్రాన్ని తెలిసే పక్కన పెట్టారు. అది మంచి పని. పెద్దమనుషుల ముందు వడ్డీ తగ్గించుకుని, ప్రోనోటు వెనక చెల్లు రాసి, నోటు చింపి చేతిలో పెట్టే మన ఊళ్ల పద్ధతికి ఇంగ్లండు సూత్రం ఒక్కరోజు కూడా సరిపడేది కాదు.

ఇచ్చిన మాట కట్టుబడుతుంది సరే. అసలు మాట ఇచ్చినట్టా కాదా అన్నది తేల్చడమే కష్టం. ఇందులో అందరూ చదవవలసిన తీర్పు మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసుది. 1968లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కొత్త పరిశ్రమలకు మూడేళ్లు అమ్మకపు పన్ను ఉండదని చెప్పింది. ఆ మాట నమ్మి కంపెనీ వనస్పతి ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత ప్రభుత్వం పూర్తి మినహాయింపు లేదు, కొంత రాయితీ మాత్రమే ఇస్తామంది. కంపెనీ సరే, ఆ రాయితీ వాడుకుంటామని లేఖ రాసింది. ఆ తర్వాత రాయితీ కూడా పోయింది. కేసు సుప్రీంకోర్టుకు చేరినప్పుడు ప్రభుత్వం ఆ లేఖనే చూపించింది: పూర్తి మినహాయింపు హక్కును మీరే వదులుకున్నారు కదా అని. జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన తీర్పు దీన్ని ఒప్పుకోలేదు. వదులుకోవడమంటే హక్కు ఉందని తెలిసి వదులుకోవడం. కంపెనీకి అలాంటి హక్కు ఉందని తెలుసన్న ఆధారమేది? చట్టం ప్రతి ఒక్కరికీ తెలిసే ఉంటుందనుకోవాలని ప్రభుత్వ వాదన. అలాంటి ఊహ చట్టంలో ఎక్కడా లేదని కోర్టు జవాబు. చట్టం తెలియదన్నది తప్పుకు సాకుగా చెల్లదు, అంతే; దాని అర్థం అందరికీ చట్టం తెలుసని కాదు. ఒక పెద్ద కంపెనీకే ఈ మాట వర్తిస్తే, నాలుగో తరగతితో చదువు ఆపేసిన కూలీకి ఎంతగా వర్తించాలి!

నోటితో చెప్పకుండా, రాయకుండా, నడవడికతోనే హక్కు వదులుకున్నట్టయ్యే సందర్భాలూ ఉన్నాయి. వ్యాపారులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. లీజు షరతు ఉల్లంఘించినందుకు ఖాళీ చేయించే హక్కు వచ్చిన ఇంటి యజమాని, ఆ సంగతి తెలిసీ తర్వాతి నెల అద్దె తీసుకుంటే, ఆ ఉల్లంఘనను వదిలేసినట్టేనని ఆస్తి బదిలీ చట్టం 112వ సెక్షన్ అంటుంది. ఖాళీ చేయమని దావా వేశాక తీసుకున్న అద్దెకు మాత్రం ఇది వర్తించదు. సరుకు ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ సర్దుకుపోతూ, ఒకనాడు హఠాత్తుగా గడువు దాటిందని ఆర్డరు రద్దు చేస్తే కోర్టు ఒప్పుకోకపోవచ్చు. దీనికి మందు 1950 నాటి ఒక ఇంగ్లండు కేసులో దొరుకుతుంది. రోల్స్‌రాయిస్ కారుకు బాడీ కట్టించమని ఆర్డరిచ్చిన ఒకాయన గడువు దాటినా ఓపిక పట్టాడు, అడుగుతూనే ఉన్నాడు. చివరకు నాలుగు వారాలు గడువు పెట్టి, ఆ లోపు రాకపోతే తీసుకోనని నోటీసిచ్చాడు. మొదటి గడువును వదులుకున్నా, తగిన వ్యవధితో నోటీసిచ్చి గడువును మళ్లీ నిలబెట్టుకోవచ్చని కోర్టు చెప్పింది. ఒకసారి సడలించినంత మాత్రాన ఎప్పటికీ సడలించినట్టు కాదని ఒప్పందాల్లో రాసుకునే క్లాజు ఈ భయం నుంచే పుట్టింది. కానీ ఆ క్లాజు ఒక్కటే కాపాడదు. ఆలస్యమైన ప్రతిసారీ ‘ఈసారికి మాత్రమే’ అని ఒక ఈమెయిల్ పంపే అలవాటు, పదిమంది లాయర్లు రాసిన క్లాజు కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఆర్బిట్రేషన్‌లో ఈ విషయం ఇంకా కచ్చితంగా ఉంటుంది. 1996 చట్టం 4వ సెక్షన్ ప్రకారం లోపం తెలిసీ వెంటనే అభ్యంతరం చెప్పకుండా విచారణలో పాల్గొన్నవాడు తర్వాత ఆ లోపం ఎత్తకూడదు. కానీ ఒక పక్షంతో సంబంధమున్న, చట్టం అనర్హుడన్న వ్యక్తిని ఆర్బిట్రేటరుగా ఒప్పుకోవాలంటే మౌనం చాలదు. తగాదా వచ్చిన తర్వాత, రెండు పక్షాలూ స్పష్టంగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. భారత్ బ్రాడ్‌బ్యాండ్ కేసులో 2019లో సుప్రీంకోర్టు దీన్ని కచ్చితంగా పాటించింది. ‘తగాదా వచ్చిన తర్వాత’ అన్న ఈ నియమం నాకు చాలా నచ్చుతుంది. తగాదా రాకముందు సంతకం పెట్టేవాడికి ఏం పోగొట్టుకుంటున్నాడో కనబడదు.

కంపెనీల లోపలి పనుల్లో వేవర్ ఎవరికీ నొప్పి లేకుండా నడిచిపోతుంది. వార్షిక సమావేశానికి 21 రోజుల నోటీసు కావాలి. ఓటున్న సభ్యుల్లో 95 శాతం ఒప్పుకుంటే తక్కువ నోటీసుతో పెట్టుకోవచ్చు. అప్పు ఒప్పందంలోని ఆర్థిక షరతు ఒక త్రైమాసికంలో తప్పితే బ్యాంకు ఆ ఒక్కసారికి వదిలేస్తూ లేఖ ఇస్తుంది, తరచుగా ఫీజు తీసుకుని. దివాలా చట్టం కింద మాత్రం మరో సంగతి ఉంది. పరిష్కార ప్రణాళికకు ఓటు విలువలో 66 శాతం రుణదాతలు ఒప్పుకుని, ట్రిబ్యునల్ ఆమోదిస్తే, ఒప్పుకోనివారి బాకీ కూడా ఆ మేరకు పోతుంది. ఇది తన ఇష్టంతో వదులుకోవడం కాదు. అందరి పేరిట కొందరు వదులుకోవడం. దానికి చట్టం అనుమతి ఉంది కాబట్టే చెల్లుతుంది.

మాఫీ అయిన అప్పు ఆదాయమా? ఆదాయపు పన్ను శాఖ అవునంది. మహీంద్ర అండ్ మహీంద్ర 1960లలో అమెరికాలోని కైజర్ జీప్ కంపెనీ నుంచి జీపు విడిభాగాల తయారీకి కావలసిన డైలు, పరికరాలు కొనేందుకు అప్పు తీసుకుంది. కైజర్‌ను కొన్న సంస్థ ఆ అప్పు, దాదాపు 57 లక్షల 74 వేల రూపాయలు, వదిలేసింది. పన్ను వివాదం 2018లో గానీ తేలలేదు. యంత్రాల కోసం తీసుకున్న ఆ అప్పు మాఫీ 1961 చట్టం కింద వ్యాపార ఆదాయం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఆధారపడిన ఒక సెక్షన్‌ను 2023లో పార్లమెంటు సవరించి, డబ్బు రూపంలో వచ్చే లాభాన్నీ అందులో చేర్చింది. అందుకే సెటిల్‌మెంటు కుదుర్చుకునే ముందే ఆడిటరును అడగాలి. తీరిన బాకీ ఏడాది తిరక్కుండా పన్ను డిమాండుగా వచ్చి నిలబడవచ్చు.

మన రెండు రాష్ట్రాల్లో ‘మాఫీ’ అనగానే గుర్తొచ్చేది రైతు రుణం. ఇక్కడ పత్రికలు, టీవీలు, రాజకీయ వేదికలు మూడు వేర్వేరు విషయాలను ఒకే గాటన కట్టేస్తాయి. వాటిని విడదీయకపోతే వాదన ముందుకు సాగదు. మొదటిది బ్యాంకుల రైట్ ఆఫ్. వసూలయ్యే ఆశ తగ్గిన అప్పుకు లాభాల్లోంచి పూర్తి కేటాయింపు చేసి, బ్యాంకు దాన్ని తన లెక్కల పుస్తకంలోంచి తీసేస్తుంది. అప్పు తీసుకున్నవాడి బాధ్యత అలాగే ఉంటుంది. ట్రిబ్యునల్ కేసు, ఆస్తి జప్తు, వేలం అన్నీ నడుస్తూనే ఉంటాయి. రెండోది రాజీ పరిష్కారం, మనవాళ్లు వన్ టైమ్ సెటిల్‌మెంట్ అనేది. అసలైన వేవర్ ఇదే. బ్యాంకు కొంత తీసుకుని మిగతాది వదిలేస్తుంది. 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఈ రెండింటికీ కలిపి నిబంధనలు ఇచ్చింది. మూడోది ప్రభుత్వ రుణమాఫీ. ఇందులో బ్యాంకు పైసా వదులుకోదు. రైతు బదులు ఖజానా కడుతుంది. బడా పారిశ్రామికవేత్తలకు మాఫీ చేశారు, రైతుకు ఎందుకు చేయరన్న ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ రైట్ ఆఫ్ అంకెను చూపించి ఆ ప్రశ్న అడిగితే జవాబు సులువుగా తప్పించుకుంటుంది. రాజీ పరిష్కారాల్లో ఎవరికి ఎంత వదిలారో అడిగితే తప్పించుకోలేదు.

రుణమాఫీ చరిత్ర దేశంలో 1990 నాటి పదివేల రూపాయల మాఫీ నుంచి ఉంది. 2008 బడ్జెట్‌లో కేంద్రం పెద్ద పథకం ప్రకటించింది: రెండు హెక్టార్ల లోపు రైతులకు పూర్తి మాఫీ, మిగతావారు 75 శాతం కడితే 25 శాతం రాయితీ. అర్హుల్లో కొందరు మిగిలిపోయినట్టు, అనర్హులకు కొంత అందినట్టు 2013లో కాగ్ తేల్చింది. రాష్ట్రం విడిపోయాక 2014లో ఆంధ్రప్రదేశ్ కుటుంబానికి లక్షన్నర వరకు, తెలంగాణ లక్ష వరకు ప్రకటించాయి, రెండూ విడతలవారీగా. 2024 జులై 18 నుంచి ఆగస్టు 15 వరకు తెలంగాణ మూడు దశల్లో రెండు లక్షల వరకు మాఫీ అమలు మొదలుపెట్టింది. విడతల మాఫీలో ఒక చిక్కు ఉంది, దాన్ని ఎవరూ రైతుకు ముందు చెప్పరు. బ్యాంకు దృష్టిలో ఖజానా డబ్బు ఖాతాలో పడేదాకా అప్పు అప్పే. వడ్డీ పెరుగుతుంది, గడువులోగా కడితేనే వచ్చే వడ్డీ రాయితీ పోతుంది, ఖాతా మొండి బకాయిగా మారితే కొత్త పంట రుణం రాదు. ప్రభుత్వం మాఫీ చేస్తుంది కదా అని కట్టకుండా ఆగిన రైతు, బ్యాంకు లెక్కలో ఎగవేతదారు అవుతాడు.

దీనికంటే పెద్ద అన్యాయం కౌలు రైతుది. మాఫీ బ్యాంకు అప్పు వెంట నడుస్తుంది. బ్యాంకు అప్పు పట్టాదారు పాసుపుస్తకం వెంట నడుస్తుంది. భూమి దున్నేవాడు వడ్డీ వ్యాపారి దగ్గరో, ఎరువుల దుకాణంలోనో అప్పు తెస్తాడు. ఆ అప్పును ఏ ప్రభుత్వమూ తీర్చదు. కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చేందుకు 2011లో ఉమ్మడి రాష్ట్రం ఒక చట్టం చేసింది, 2019లో ఆంధ్రప్రదేశ్ సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. రెండోదాంట్లో భూ యజమాని అంగీకారం ఉంటేనే పత్రం. భూమి మీద హక్కు అడుగుతాడేమోనన్న భయంతో యజమాని సంతకం పెట్టడు. పంట నష్టం కౌలు రైతుది, మాఫీ యజమానిది.

ప్రభుత్వం తన హక్కునే వదులుకునే సందర్భాలను వేగంగా చూద్దాం. తెలంగాణలో పెండింగ్ ట్రాఫిక్ చలాన్లకు 2022 మార్చిలో, 2023 డిసెంబరులో పెద్ద తగ్గింపులిచ్చారు. హైదరాబాద్ నగరపాలక సంస్థ ఆస్తి పన్ను బకాయిల మీద వడ్డీలో 90 శాతం మాఫీ చేసింది. ఖజానాకు డబ్బు త్వరగా వస్తుంది. ఇలాంటి తగ్గింపు ప్రతి రెండేళ్లకూ వస్తే మాత్రం గడువులోగా కట్టినవాడు తెలివితక్కువ పని చేశాననుకుంటాడు. షరతుతో ఇచ్చే వేవర్ దీనికంటే మెరుగు. జే-1 వీసాపై అమెరికాలో రెసిడెన్సీ చేసిన డాక్టరు రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలి. 1994లో మొదలైన కాన్‌రాడ్ పథకం కింద ఆ షరతును ఎత్తేస్తారు, వైద్యులు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తానంటే. ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మందికి. ఎందరో తెలుగు డాక్టర్లు అమెరికా పల్లెటూళ్లలో స్థిరపడింది ఈ దారిలోనే. కోవిడ్ కాలంలో పేటెంట్ హక్కులు సడలించాలని 2020 అక్టోబరులో భారత్, దక్షిణాఫ్రికా ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగాయి. 2022 జూన్‌లో వచ్చిన నిర్ణయం వ్యాక్సిన్లకు మాత్రమే, అదీ అయిదేళ్లకు పరిమితమైంది. అప్పటికి అవసరం తీరిపోయింది.

వదులుకోవాలనుకున్నా వదులుకోనివ్వని హక్కులు కొన్ని ఉన్నాయి. అద్దె చట్టాల మీద వచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెడితే గీత ఎక్కడుందో కనిపిస్తుంది. ఉత్తరప్రదేశ్ అద్దె చట్టం కొత్త భవనాల యజమానులకు ఒక మినహాయింపు ఇచ్చింది. ఒక యజమాని దాన్ని వాడుకోనని అద్దెదారుకు రాసిచ్చాడు. అది అతని సొంత లాభం కోసం ఇచ్చిన మినహాయింపు కాబట్టి వదులుకోవచ్చని 1971లో లచ్చూమల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరో మూడేళ్లకు అలహాబాద్‌లోని ఒక సినిమా హాలు విషయంలో, ఖాళీ చేయించకుండా అద్దెదారును కాపాడే సెక్షన్‌ను లీజులో రాసుకుని తప్పించుకోవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. కుదరదంది కోర్టు. ఆ రక్షణ అతనొక్కడి కోసం కాదు, ఇళ్ల కొరత ఉన్న ఊళ్లో అందరి కోసం. కార్మిక చట్టాలు ఈ గీతను మరీ స్పష్టంగా గీశాయి. ప్రమాద పరిహారం వదులుకుంటానని కార్మికుడు రాసిచ్చినా చెల్లదని 1923 నాటి పరిహార చట్టం, కనీస వేతనం కంటే తక్కువకు ఒప్పుకున్నా ఆ ఒప్పందం చెల్లదని 1948 నాటి కనీస వేతనాల చట్టం చెప్పాయి. లేకపోతే ఆకలితో ఉన్న ప్రతివాడితో మొదటి రోజే ఆ కాగితం రాయించుకునేవారు.

రాజ్యాంగం దగ్గరకు వచ్చేసరికి మన రాజమండ్రి మనిషి మాట వినాలి. బషేశర్‌నాథ్ అనే పన్ను చెల్లింపుదారు 1954లో దర్యాప్తు కమిషన్‌తో రాజీ కుదుర్చుకుని మూడు లక్షలకు పైగా వాయిదాల్లో కడతానన్నాడు. తర్వాత ఆ కమిషన్ పనిచేసిన చట్టం సమానత్వ హక్కుకు విరుద్ధమని వేరే కేసుల్లో తేలింది. మీరే రాజీపడి హక్కు వదులుకున్నారని ప్రభుత్వం వాదించింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు 14వ అధికరణాన్ని వదులుకోవడం కుదరదన్నారు. వారిలో ఇద్దరు ఇంకా ముందుకెళ్లి, ఏ ప్రాథమిక హక్కునూ వదులుకోలేరన్నారు: జస్టిస్ ఎన్.హెచ్. భగవతి, జస్టిస్ కోకా సుబ్బారావు. పైన చెప్పిన షుగర్ మిల్స్ తీర్పు రాసిన భగవతి ఈ భగవతి కొడుకే. ఆంధ్ర హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా గుంటూరులో పనిచేసి వచ్చిన ఆ రాజమండ్రి మనిషి సుబ్బారావు చెప్పిన కారణం సాంకేతికమైనది కాదు. మన ప్రజల్లో ఎక్కువమంది పేదవారు, చదువులేనివారు, తమ హక్కుల గురించి ఇంకా తెలియనివారు. అలాంటివారిని ప్రభుత్వం ముందు సమానులుగా నిలబెట్టలేం, కాబట్టి వారి నుంచే వారి హక్కులను కాపాడటం కోర్టు బాధ్యత అన్నారు. ఈ మాటలో పెద్దరికం ఉందని కొందరు విమర్శిస్తారు. ఆ విమర్శతో నేను ఏకీభవించను. 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల కేసు చూడండి. గుడిసెలు తీసేటప్పుడు అడ్డుపడబోమని వారి తరఫున హైకోర్టులో హామీ ఇచ్చారు. ఆ హామీ వాళ్ల ప్రాథమిక హక్కును తీసేయలేదని సుప్రీంకోర్టు చెప్పబట్టే జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమా అన్న ప్రశ్నకు విచారణ దొరికింది. చివరకు ఖాళీ చేయించడానికి కోర్టు అనుమతించింది; అయినా విన్నది.

అమరావతి భూసమీకరణలో ముప్పై వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతులు 2013 భూసేకరణ చట్టం కింద వచ్చే పరిహారాన్ని వదులుకుని, అభివృద్ధి చేసిన ప్లాట్లు, పదేళ్ల కౌలు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. మెట్టకు ఎకరాకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటా పది శాతం పెంపుతో. రాజధాని మారుస్తామన్నప్పుడు ఆ ఒప్పందం రెండో సగం ప్రశ్నార్థకమైంది. ఒకసారి చేతిలోంచి పోయిన భూమి వెనక్కి రాదు కాబట్టి ప్రభుత్వం తన మాట నిలబెట్టుకోవాలన్నది 2022 మార్చి నాటి హైకోర్టు తీర్పు సారాంశం. ప్రతిఫలం చూపించి హక్కు వదిలించుకున్నవాడు ఆ ప్రతిఫలం దగ్గర తప్పుకుంటే, వదులుకున్నవాడికి ఏం మిగులుతుంది?

ఇక దుకాణాలు, హోటళ్లు, ఆస్పత్రులు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు ఇప్పటికీ మన బజార్లలో వేలాడుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ఆ బోర్డు చదివి కొన్నందుకు కొనుగోలుదారు హక్కు పోదు. ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్లో 1998లో వ్యాలెట్‌కు తాళాలిచ్చిన మారుతీ జెన్ పోయింది. పార్కింగ్ యజమాని బాధ్యత అని టోకెన్ మీద రాసుందని హోటల్ వాదించింది. 2019లో సుప్రీంకోర్టు ఆ రాత హోటల్ సొంత నిర్లక్ష్యాన్ని కప్పలేదని తీర్పిచ్చింది. పోయిన చీరకు విలువలో కొంత భాగమే ఇస్తానని రసీదు వెనక అచ్చువేసుకున్న లాండ్రీ షరతును మద్రాసు హైకోర్టు 1960లలోనే కొట్టేసింది. ఆస్పత్రి కాగితం మీద 2008లో వచ్చిన తీర్పు ముఖ్యమైనది: పరీక్ష కోసం ఇచ్చిన అంగీకారంతో గర్భసంచి తీసేయడానికి వీల్లేదు. ఆ సంతకం ఒక నిర్దిష్టమైన చికిత్సకు ఒప్పుకోలు. డాక్టరు నిర్లక్ష్యానికి క్షమాపణ పత్రం కాదు. రోగి బంధువులు చాలామంది ఈ తేడా తెలియక, సంతకం పెట్టేశాం కదా అని కేసు వేయకుండానే ఆగిపోతారు.

ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్లకు ‘నో క్లెయిమ్ సర్టిఫికెట్’ బాగా తెలుసు. చివరి బిల్లు కావాలంటే ముందు ఇంకేమీ అడగనని రాసివ్వాలి. బ్యాంకు వడ్డీ పెరుగుతున్నవాడు రాస్తాడు. 2004లో రేష్మీ కన్‌స్ట్రక్షన్స్ కేసులోనూ, ఇన్సూరెన్స్ డిశ్చార్జ్ వోచరు మీద 2008లో బోఘారా పాలీఫ్యాబ్ కేసులోనూ, ఒత్తిడితో రాసిన ఇలాంటి కాగితం దావాకు అడ్డం కాకపోవచ్చని సుప్రీంకోర్టు గుర్తించింది. పాలసీదారు వోచరు మీద సంతకం పెట్టినంత మాత్రాన ఎక్కువ పరిహారం అడిగే హక్కు పోదని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2015లో సర్క్యులరిచ్చింది. అయితే హెచ్చరిక కూడా ఉంది. సంతకం పెట్టి, డబ్బు తీసుకుని, వారాలు గడిచాక బలవంతంగా పెట్టించారని ఒక్క వాక్యంలో అంటే కోర్టు నమ్మదు; 2014 నాటి జీనస్ పవర్ కేసులో నమ్మలేదు. కాబట్టి సంతకం కిందే ‘అభ్యంతరంతో’ అని రాయడం, కుదరకపోతే అదే రోజు కారణాలతో లేఖో ఈమెయిలో పంపడం తప్పనిసరి.

కాంట్రాక్టరుకు లాయరుంటాడు. కంపెనీకి ఆడిటరుంటాడు. హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేసే ఆడపడుచుకు ఎవరుంటారు? మన రాష్ట్రాల్లో అన్నిటికంటే ఎక్కువ ఆస్తి చేతులు మారే వేవర్లలో ఇదొకటి, అన్నిటికంటే తక్కువ చర్చ జరిగేదీ ఇదే. దేశమంతటికంటే ముందు, 1985 సెప్టెంబరు 5 నుంచి, ఎన్టీఆర్ ప్రభుత్వం పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణ పెళ్లయినవారికీ ఆ హక్కు తెచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదని, అది పుట్టుకతో వచ్చే హక్కని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఇంత చేసింది. ఊళ్లో మాత్రం వాదన వేరేగా నడుస్తుంది. పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చాం, పెళ్లికి ఇంత ఖర్చుపెట్టాం, ఇక నీకేముంది అంటారు. వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుంటుంది. వద్దు అనగలిగే స్థితి ఆమెకు ఉందా అన్న ప్రశ్నకు జవాబు ఆ గడప దగ్గరే ఉంది.

చట్టపరంగా చూస్తే ఆమె స్థితి అంత బలహీనం కాదు. తండ్రి స్వార్జితంలో ఆయన బతికుండగా కూతురికి ఉన్నది ఆశే తప్ప హక్కు కాదు; ఆ ఆశను బదిలీ చేయడం ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ కింద కుదరదు. అయితే డబ్బు తీసుకుని రాసిచ్చినవారు తర్వాత మాట మార్చలేరని 1973లోనూ 2023లోనూ సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఏం తీసుకుని రాశారన్నది కీలకం. ఎదుటివాడు ఆధిపత్యంలో ఉండి, లావాదేవీ అన్యాయంగా కనిపిస్తే, అది సక్రమమని నిరూపించే భారం అతనిదే అంటుంది కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్. చదువురాని స్త్రీలతో రాయించిన దస్తావేజుల్లో, ఆమెకు అర్థమయ్యేలా చెప్పారని చూపించాల్సింది దస్తావేజు పట్టుకున్నవాడేనని ప్రీవీ కౌన్సిల్ కాలం నుంచీ కోర్టులు అంటున్నాయి. కానీ ఇవన్నీ కేసు వేస్తేనే. దస్తావేజు రద్దుకు దావా వేయడానికి, విషయం తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. అన్న మీద కేసు వేయాలా అని ఆలోచించేలోపే ఆ మూడేళ్లు అయిపోతాయి.

అందుకే దిద్దుబాటు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే జరగాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అధికారి చూసేది సంతకం పెట్టింది ఈ మనిషేనా, రాశానని ఒప్పుకుంటోందా అన్నది మాత్రమే. విడుదల దస్తావేజుల విషయంలో రెండు రాష్ట్రాలూ నిబంధనలు మార్చి మరి కొన్ని ప్రశ్నలు చేర్చాలి. ఆమె వాటా ఎన్ని ఎకరాలు లేదా ఎన్ని గజాలు, ప్రభుత్వ ధర ప్రకారం దాని విలువ ఎంత, బదులుగా ఆమెకు ముట్టిందెంత అన్నవి దస్తావేజులో అంకెలతో, తెలుగులో రాయాలి. అన్నదమ్ములను బయట కూర్చోబెట్టి, ఆమెకు ఆ అంకెలు చదివి వినిపించి, జవాబు ఆమె మాటల్లోనే నమోదు చేయాలి. ఇష్టపూర్వకంగా వాటా వదిలే అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నారు. తమ్ముడి అప్పులు చూసి, అమ్మను చూసుకుంటున్నాడని చూసి మనసారా వదిలేస్తారు. ఈ ప్రశ్నల వల్ల వాళ్లకు పోయేదేమీ లేదు. రేపు పిల్లల తరంలో తగాదా వస్తే ఆ నమోదే తమ్ముడికి రక్షణ. ఇష్టం లేక వచ్చినావిడకు మాత్రం, తనకు ఎంత పోతోందో ఒక ప్రభుత్వ అధికారి నోట వినే అవకాశం ఆ గదిలో మొదటిసారి దొరుకుతుంది.